హిల్ గారి కొండ ఎక్కడ?

ఇంగ్లండ్‌లో హిల్ అనే ఇంటిపేరున్న కొందరు వంశం గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళ గొంతులో పలికే గాంభీర్యం వింటే, ఆ కొండని వాళ్ళ ముత్తాతే తట్టలతో మోసి పోశాడేమో అనిపిస్తుంది. పాపం ఆయన చేసిందల్లా కొండ పక్కన గుడిసె వేసుకోవడం, పన్ను గుమాస్తా వచ్చిన రోజు ఇంట్లో దొరికిపోవడం.

1066లో నార్మన్లు వచ్చి ఇంగ్లండ్‌ని ఆక్రమించాక పాత ఇంగ్లీషు పేర్లు మెల్లగా మూలపడ్డాయి. విలియం, రాబర్ట్, రిచర్డ్, జాన్, థామస్ లాంటి గుప్పెడు పేర్లనే ఊరూరా అందరూ పంచుకున్నారు. "ఒరేయ్ జాన్" అని కేకేస్తే వీధి వీధంతా తిరిగి చూసే పరిస్థితి. అందుకని కొండ దగ్గరి జాన్, వాగు దగ్గరి జాన్, అడవి పక్క జాన్ అని గుర్తులు పెట్టుకున్నారు. గుమాస్తాలు దాన్నే 'అట్టే హిల్' అని రాసుకున్నారు, అంటే కొండ దగ్గర ఉండేవాడని. నవ్వకండి, మన ఇంటిపేర్లలోనూ చాలావరకు ఊళ్ళ పేర్లే.

1377లో 14 ఏళ్ళు దాటినవాళ్ళందరి మీదా తలకి 4 పెన్నీల పన్ను పడింది. తలపన్ను వసూలు చేయాలంటే ఏ తల ఎవరిదో తెలియాలి కదా! నాలుగేళ్ళు తిరక్కుండానే దాన్ని మూడింతలు చేసి 12 పెన్నీలు కట్టమంటే, 1381లో జనం తిరగబడ్డారు. తిరుగుబాటు అణిగిపోయింది కానీ చిట్టాల్లోకెక్కిన పేర్లు అలాగే ఉండిపోయాయి. కొడుకు కొండ దిగి పట్నం వెళ్ళినా, మనవడు ఓడెక్కి దేశాలు పట్టుకుపోయినా వాడు హిల్లే. ఇన్ని శతాబ్దాలుగా ఒక్కసారి కూడా అప్‌డేట్ చేయని అడ్రసుకి వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు, వంశగౌరవం.

కాలం గడిచేకొద్దీ హిల్ ముందున్న 'అట్టే' రాలిపోయింది గానీ కొందరికి ఊడకుండా అంటుకుపోయింది. 1947లో మనకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని క్లెమెంట్ అట్లీ గారి ఇంటిపేరు అలాంటిదే, అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన చోట ఉండేవాడని దాని అర్థం. రవి అస్తమించని సామ్రాజ్యం ఇండియాలో దుకాణం సర్దేసుకునే వేళకి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది ఆయనే.

పైగా ఈ కొండని అన్నిచోట్లా ఒకేలా పలికేవాళ్ళు కాదు. పశ్చిమాన అది హల్, ఆగ్నేయాన కెంట్ వైపు హెల్. అంటే ఆ కాలంలో కెంట్‌లో ఎవరినైనా మీ ఇల్లెక్కడండీ అని అడిగితే, ఏ కోపమూ లేకుండానే నరకం పక్కన అన్నట్టు జవాబొచ్చేది. ఈ రూపం ఇంటిపేరుగా ఎందుకు బాగా గిట్టుబాటు కాలేదో పరిశోధకులకే వదిలేద్దాం.

హిల్‌లలో నాకు బాగా నచ్చినవాడు రోలండ్ హిల్. 1840లో దూరంతో పనిలేకుండా అర ఔన్సు ఉత్తరం ఒక్క పెన్నీకే దేశంలో ఎక్కడికైనా చేరే పద్ధతి తెచ్చాడు, పెన్నీ బ్లాక్ అనే మొట్టమొదటి తపాలా బిళ్ళ అలా పుట్టింది. ఇంటిపేరే సగం అడ్రసైన మనిషికి ఉత్తరాల కష్టం తెలియకుండా ఎలా ఉంటుంది?

ఇక ఆక్టేవియా హిల్. 1838లో ఆవిడ పుట్టిన విస్‌బెక్, చూపు ఆనినంత మేరా బల్లపరుపుగా ఉండే ఫెన్స్ ప్రాంతంలోది, అక్కడ కొండ కావాలంటే ఎవరైనా గీసి చూపించాలి. ఈ లోటు తీర్చుకోవడానికేనేమో, 1895లో మరో ఇద్దరితో కలిసి, అందమైన చోట్లనీ పాత కట్టడాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ పెట్టింది. ఆ సంస్థకి దానంగా వచ్చిన మొదటి భూమి వేల్స్‌లోని డినాస్ ఒలే. అది కొండవాలు! ఇంటిపేరు పుట్టిన ఇన్ని వందల ఏళ్ళకి ఒక హిల్ చేతికి కాగితాలతో సహా కొండ దక్కింది.

మిగతా హిల్‌లు అంత శ్రమ పడరు. మీ వంశ చిహ్నం ఇదేనంటూ సింహాలు, డాళ్ళు అచ్చేసిన కప్పులు అమ్మేవాళ్ళుంటారు, వాటిని కొనేసుకుంటారు. ఇంటిపేరుకంటూ చిహ్నం ఉండదు, అది ఫలానా వ్యక్తికీ ఆయన వారసులకీ చెందుతుంది అని 1484 నుంచి వంశ చిహ్నాల పనే చూస్తున్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ చెబుతూనే ఉంది, వినేదెవరు? ఇంగ్లండ్‌లో ఎన్ని కొండలో అన్ని హిల్ కుటుంబాలు, ఒకళ్ళకొకళ్ళు ఏమీ కాకపోయినా కప్పు మీద సింహం మాత్రం అందరికీ ఒకటే. అసలు కొందరు హిల్‌లకి కొండతో సంబంధమే లేదు, హిలరీ అనే పూర్వీకుడి పేరు కురచై వాళ్ళకి దక్కింది. ఈ సంగతి కప్పు కొన్నాక తెలిస్తే డబ్బులు వాపసు ఇస్తారా అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.