అటెండెన్స్ రిజిస్టరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అటెండెన్స్ రిజిస్టరు గారికి,

తమరి గళ్లలో బతుకుతున్న ఒక విద్యార్థి నమస్కరించి రాయునది.

యూనివర్సిటీలో మీకు ఆదర్శం ఎవరని అడిగితే, వేదిక మీద విలువల గురించి ప్రసంగించిన వారి పేరు చెప్పడం రివాజు. నాకు మాత్రం ముందు మీరే గుర్తొస్తారు. మా గురువులు ఎలాంటివారో మాకు మీ దగ్గరే తెలుస్తుంది.

యాభై నిమిషాల క్లాసు. సార్ వచ్చేసరికే పావుగంట పోతుంది. మీ అట్ట తెరిచి అందరి నంబర్లూ పిలిచేసరికి మరో పది నిమిషాలు. పన్నెండో నంబరు ఊళ్లోనే లేడు. అయినా కిటికీ పక్క నుంచి ‘ఎస్ సార్’ వినిపిస్తుంది. ముప్పై ఒకటో నంబరుకూ అదే గొంతు, ఈసారి కాస్త ముక్కుతో. సార్ తలెత్తరు. ఆయనకు తెలియదనుకునేంత అమాయకులు ఆ గదిలో లేరు. ఆయన పావుగంట సంగతి మేం అడగం, మా పన్నెండో నంబరు సంగతి ఆయన అడగరు. ఈ ఒప్పందం ఏ సిలబస్‌లోనూ లేదు గానీ, మొదటి సెమిస్టరులోనే అందరికీ కంఠతా వచ్చేస్తుంది.

చివరి వారంలో మీ వైభవం చూసి తీరాలి. నెలల తరబడి ఖాళీగా ఉన్న గళ్లు ఒక్క మధ్యాహ్నంలో నిండిపోతాయి. ఒకే సిరా, ఒకే వాలు. ఆ ఊపులో రెండో శనివారం కూడా పాఠం జరిగిపోతుంది, దీపావళి నాడు క్లాసు కిటకిటలాడుతుంది. ఈ పని ఒక్కోసారి రీసెర్చి స్కాలరు చేత చేయిస్తారు. సమాచార సేకరణలో ఆ అబ్బాయికి అదే తొలి శిక్షణ. రేపు అతని థీసిస్ పట్టికల్లో అంకెలు అంత ముచ్చటగా ఎలా కుదిరాయని ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

75 శాతం హాజరు అందనివారికి, 65 దాటితే కండోనేషన్ అనే మన్నింపు ఉంది. ఫీజు కట్టాలి, మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలి. ‘ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చి పడెయ్యవయ్యా’ అని విసుక్కునేది ఎవరనుకున్నారు? మానవ విలువల పేపరు చెప్పే సారే.

వారికీ లెక్కలున్నాయి లెండి. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసరు వారానికి 16 గంటలు, ప్రొఫెసరు 14 గంటలు పాఠం చెప్పాలి. ఒకటో నంబరుకు పైన వారి పేరుతో ఒక వరస గీయిస్తే బాగుండును. వరండాలో మీ తమ్ముడు బయోమెట్రిక్ ఉన్నాడు గానీ, వేలు వచ్చిందని మాత్రమే చెబుతాడు. మనిషి ఉన్నాడా లేదా అన్నది అతని పరిధిలో లేదు.

గైర్హాజరులో కూడా తేడాలుంటాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ అణచివేతకు నిరసనగా పదవినే వదిలేసి వెళ్లారు. ఆ ఖాళీ కుర్చీ చెప్పిన పాఠం ఏ క్లాసులో చెబుతారు? 1931లో ఆ కుర్చీలోకి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 5న గురువులను పూజించడానికి మాకు పాఠాలు ఉండవు. మీలో మాత్రం ఆ రోజూ నూటికి నూరు హాజరు.

అందరినీ ఒకే గాటన కట్టేస్తే పాపం వస్తుంది. మా విభాగంలో కాంట్రాక్టు మీద పనిచేసే మేడం ఒకరున్నారు. మిమ్మల్ని పాఠం అయ్యాకే తెరుస్తారు, అయినా బెంచీలు నిండి ఉంటాయి. మొన్న ఇంటర్నల్ పేపర్లు ఇచ్చినప్పుడు వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, ‘మేడం, కూడికలో నాకు రెండు మార్కులు ఎక్కువొచ్చాయి’ అంది. ఆవిడ మళ్లీ కూడి చూసి, రెండూ కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ‘మంచిదమ్మా’ అని తరవాతి పేపరు తీసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. పావుగంట సార్ క్లాసులో ఆ అమ్మాయి అలా లేచేదా? నాకు నమ్మకం లేదు.

మేడం ఉద్యోగం ఏటా పొడిగించాలి. ఆ ఫైలు మీద సంతకం చేసేది పావుగంట సారే. ఎలా ఉంటే ఏమవుతారో కూడా మేం అక్కడే నేర్చుకుంటున్నాం.

జూన్‌లో ఆ ఫైలు మళ్లీ కదులుతుంది. ఆఫీసులో మా మాట కన్నా తమరి మాటకే విలువ గనక, ఎవరైనా అడిగితే ఆవిడ పేజీలు తీసి చూపించండి. ఖాళీ ఉన్న చోట ఖాళీయే ఉంటుంది, ఆవిడ సెలవు పెట్టిన రోజులతో సహా.

ఇట్లు,
తమరి విధేయుడైన ఒక రోల్ నంబరు