సగటు ఉష్ణోగ్రత గారికి, చెమటతో

మహారాజశ్రీ సగటు ఉష్ణోగ్రత గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. తమరు ఎప్పుడూ కుశలమే. నా సంగతే చెప్పాలి.

నిన్న మధ్యాహ్నం రెండింటికి బయట పని పడింది. సాయంత్రానికి వాయిదా వేద్దామా అనుకుంటూ పట్టిక తెరిచాను. పన్నెండు నెలలకు పన్నెండు గడులు. ఈ నెల గడిలో తమరు 34 అని నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. ఈ మాత్రానికి ఇంట్లో దాక్కోవడమేమిటని గొడుగు కూడా లేకుండా బయల్దేరాను.

బస్సు నలభై నిమిషాలకు గానీ రాలేదు (దానికి వేరే లేఖ రాస్తాను). స్టాపులో ఇనుప బెంచీ ఉంది. నేను కూర్చున్నంత వేగంగానూ లేవడం చూసి పక్కనున్నాయన నవ్వాడు. అంతకుముందు ఆయనా అలాగే లేచి ఉంటాడు. ఫోను తీస్తే, వేడెక్కిపోయాను, చల్లబడ్డాక గానీ పనిచేయనని తెర మీద రాసి పడుకుంది. దానికున్నపాటి బుద్ధి నాకు లేకపోయింది.

ఇంటికొచ్చి నిన్నటి అంకెలు చూశాను. గరిష్ఠం 41, కనిష్ఠం 27. కలిపి రెండుతో భాగిస్తే 34. అక్షరాలా తమరే! అంటే, నేను రోడ్డు మీద వేగిపోతున్న వేడిలోంచి ఏడు డిగ్రీలు తీసి, నేను ఒళ్లెరగక నిద్రపోతున్న తెల్లవారుజాము ఖాతాలో వేశారన్నమాట. ఆ చల్లదనం నేను అనుభవించానా? రాత్రికి అన్నం ఉంది కదా అని మధ్యాహ్నపు ఆకలిని ఎవరైనా సగానికి కొట్టేస్తారా? పైగా, ఇరవై నాలుగు గంటల్లో తమరు నిజంగా 34గా ఉండేది మామూలుగా రెండే సార్లు. పొద్దున ఎక్కుతూ ఒకసారి, రాత్రి దిగుతూ ఒకసారి. రెండుసార్లూ కాలు నిలవదు. గుమ్మంలోంచి ముఖం చూపించి పోయేవారి పేరున నెలంతా రాసిచ్చేశారు! నెల మధ్యలో ఒక గాలివాన వచ్చి నాలుగు రోజులు చల్లబడితే, ఆ పుణ్యాన్ని మాడిన రోజులన్నిటికీ పంచిపెడతారు.

పోనీ ఆ 41 అయినా నా నెత్తి మీది ఎండదా? కాదు. తెల్లరంగు పూసి, చుట్టూ గాలి ఆడే రెక్కలు అమర్చిన పెట్టెలో, గడ్డినేలకు మీటరున్నరో రెండు మీటర్లో ఎత్తున, నీడలో కొలిచినది. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్‌సన్ అనే లైట్‌హౌస్‌ల ఇంజనీరు కల్పించిన పెట్టె అది. సూటిగా ఎండ తగిలితే పరికరమే కాగిపోయి గాలి వేడిని తప్పు చెబుతుందట. న్యాయమే. థర్మామీటరుకు పట్టిన నీడ నాకెందుకు పట్టలేదన్నదే నా బాధ. నా కాళ్ల కింద గడ్డి కూడా లేదు, తారు ఉంది. చెప్పు ఎత్తిన ప్రతిసారీ కాస్త సాగి వదిలింది.

ఉక్కపోతకు తమరి పట్టికలో గడే లేదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే అది ఆరదు, కారుతుందంతే. ఇక తమరి పెద్దన్నగారు ఏడాది సగటు గురించి ఏం చెప్పను? ఆయన ఏ నెలలోనూ కాపురం ఉండరు. ఆ పట్టిక కూడా 1991 నుంచి 2020 దాకా 30 ఏళ్లది. ఆ తర్వాత కాసిన ఎండలకు అందులో చోటు లేదు.

ఇక తమరూ గిమరూ వద్దు. నువ్వు అబద్ధం చెప్పలేదు, అదే నా మంట. అబద్ధం చెప్పి ఉంటే పట్టుకుని నిలదీసేవాణ్ణి. ప్రతి అంకె నిజం, ప్రతి కూడిక నిజం, చివరికి మాడింది మాత్రం నా మాడు!

రాత్రి బాల్కనీలో గోడకున్న థర్మామీటరు ఎదుట కుర్చీ వేసుకుని నీకోసం కాపు కాశాను. 36. చాలాసేపు 35. పది దాటాక వచ్చావు. దాచుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఎక్కడినుంచో కాస్త గాలి కదిలింది, మెడ మీద చెమట ఆరుతున్నట్టు తెలిసింది. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి 33.

ఇట్లు,
మధ్యాహ్నం రెండింటి ప్రయాణికుడు