65ని కాస్ట్ చేస్తే "65" రాదు

"నంబర్‌ని స్ట్రింగ్‌కి కాస్ట్ చెయ్యాలి" అనే మాట కోచింగ్ నోట్సుల్లో, ఇంటర్వ్యూ జవాబుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ఇకనైనా ఆపండి బాబూ. కాస్ట్ అంటే ఒక టైపు విలువని ఇంకో టైపుగా తీసుకోమని కంపైలర్‌కి చెప్పడం, స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస. సీ, సీ ప్లస్ ప్లస్, జావాల్లో నంబర్ నుంచి స్ట్రింగ్‌కి అలాంటి కాస్ట్ లేదు.

సీలో 65ని చార్‌కి (ఒక్క అక్షరం పట్టే టైపు) కాస్ట్ చేసి అక్షరంగా ప్రింట్ చేస్తే క్యాపిటల్ ఏ వస్తుంది. అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో దాని కోడ్ 65 మరి. చార్ పాయింటర్‌కి కాస్ట్ చేసి స్ట్రింగ్‌గా ప్రింట్ చేస్తే ఇంకా ఘోరం: 65ని మెమరీ అడ్రస్ అనుకుని అక్కడికెళ్లి చదవబోతుంది, మామూలుగా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (తనది కాని మెమరీని ముట్టుకున్న తప్పు) ప్రోగ్రామ్ చస్తుంది.

"65" అనే టెక్స్ట్‌ని తయారు చెయ్యాలి. 65ని 10తో భాగిస్తే శేషం 5. దానికి 48 కలిపితే 53, అదీ '5' కోడ్. మిగిలిన 6కి 48 కలిపితే 54. అంకెలు వెనక నుంచి వస్తాయి కాబట్టి తిరగేసి, టెక్స్ట్ అయిపోయిందని చెప్పే సున్నా బైట్ చివర తగిలించాలి. ఈ పనంతా సీలోని ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఫంక్షన్ చేసిపెడుతుంది, బఫర్ (టెక్స్ట్ రాసుకునే మెమరీ) మాత్రం మనమే ఇవ్వాలి. 32 బిట్ల ఇంట్‌కి 12 బైట్లు ఇవ్వండి: -2147483648కి 11, చివరి సున్నాకి 1. పదంకెలే కదా అని 10 ఇస్తే ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ తోక కోసేస్తుంది. పాత ఎస్‌ప్రింట్‌ఎఫ్ అయితే పక్క మెమరీ మీద రాసేస్తుంది. నంబర్‌ని టెక్స్ట్ చేసే ఐటోఏ ఫంక్షన్ అంటారా, అది సీ స్టాండర్డ్‌లోనే లేదు.

సీ ప్లస్ ప్లస్‌ది దొంగ దెబ్బ. స్ట్రింగ్‌ని డిక్లేర్ చేస్తూనే "= 65" అంటే కంపైలర్ ఒప్పుకోదు. డిక్లేర్ చేసి, కింది లైన్లో అదే రాస్తే కిక్కురుమనకుండా క్యాపిటల్ ఏ పెట్టేస్తుంది. టు_స్ట్రింగ్ వాడండి. జావాలో ఆబ్జెక్ట్ వేరియబుల్‌లో ఉన్న ఇంటీజర్‌ని స్ట్రింగ్‌కి కాస్ట్ చేస్తే కంపైల్ అవుతుంది, రన్ అయ్యేటప్పుడు క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. అక్కడ ఈ పనికి స్ట్రింగ్ క్లాసులో వాల్యూఆఫ్ ఉంది.

"3.99ని ఇంట్‌కి కాస్ట్ చేస్తే 3 వస్తోందిగా, అదీ కన్వర్షనేగా?" అంటారు. అవును, బిట్లు కూడా మారతాయి. కానీ అక్కడ రూలు ఒక్కటే: దశాంశ భాగం తీసేయ్. టెక్స్ట్‌కి అలా కుదరదు. 255ని "255" అని రాయాలా, హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) "ఎఫ్ఎఫ్" అనా, ముందు సున్నా పెట్టి "0255" అనా? ఇది చెప్పడానికి కాస్ట్‌లో చోటేదీ?

అంతెందుకు, 48 బదులు 3174 కలిపి యూనికోడ్ అక్షరాలుగా చూడండి, "౬౫" వస్తుంది. యూనికోడ్‌లో తెలుగు సున్నా కోడ్ అది. వెనక్కి మార్చేటప్పుడు పైథాన్ ఇంట్ ఫంక్షన్ ఈ "౬౫"ని చక్కగా 65 అని చదువుతుంది. సీలో అదే పని చేసే ఏటోఐ 0 ఇచ్చి ఊరుకుంటుంది. అది నిజం సున్నానా, చదవలేక ఇచ్చిన సున్నానా తేలదు. స్ట్ర్‌టోల్ వాడి, ఎక్కడ ఆగిందో చూపించే రెండో ఆర్గ్యుమెంట్‌ని చెక్ చెయ్యండి: మొదట్లోనే ఆగితే అంకె ఒక్కటీ చదవలేదన్నమాట.