సంచి తీశారు, జారడం ఆగలేదు

మా పెద్దమ్మకు 42 ఏళ్లప్పుడు గర్భసంచి జారిందని తీసేశారు. అయిదేళ్లకు మళ్లీ కింద ఏదో బరువుగా జారుతోందని అదే ఆసుపత్రికి వెళ్తే, ‘సంచే లేదు కదమ్మా, ఇంకేం జారుతుంది?’ అని పంపేశారు. అప్పట్నుంచి బస్సెక్కాలంటే ముందురోజు రాత్రే మంచినీళ్లు మానేసేది. దగ్గొస్తే కాళ్లు బిగబట్టి గోడ పట్టుకునేది.

జారింది యోని పైభాగం. గర్భసంచినీ మూత్రాశయాన్నీ పట్టి ఉంచేవి కింది కండరాలు, వాటి కట్లు (లిగమెంట్లు). కాన్పుల్లో సాగేవీ చిరిగేవీ అవే. కట్లు బిగించకుండా సంచి తీసేయడమంటే, దూలం కుంగిందని అటక మీది బిందె దించడమే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు 9 మందికి, తెలంగాణలో 8 మందికి గర్భసంచి లేదు. దేశంలో 3. అనవసర ఆపరేషన్లపై 2023లో సుప్రీంకోర్టు కూడా కల్పించుకుంది. చర్చంతా డబ్బాశ చుట్టూనే తిరిగింది. ఆశ నిజమే. కానీ డాక్టర్ తనకు వచ్చిన ఆపరేషనే చేస్తారు కదా! మూడేళ్ల పీజీలో సిజేరియన్, సంచి తీయడం చేతికొస్తాయి. కట్టు బిగించడం వేరే విద్య. లోతుగా ఉండే సాక్రోస్పైనస్ లిగమెంట్‌కు కుట్టు వేయాలి, పక్కనే ముఖ్యమైన నరం, రక్తనాళాలు. గర్భసంచిని వెన్ను అడుగుకు కట్టి ఉంచే యుటెరోసాక్రల్ లిగమెంట్లకు వేస్తే, కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం మెలిపడొచ్చు. అందుకే మూత్రాశయంలోకి కెమెరా పెట్టి, రెండు వైపుల నుంచీ మూత్రం చిమ్ముతోందని కళ్లారా చూశాకే ఆపరేషన్ ముగించాలి. నేర్పేవాళ్లు పక్కన నిలబడి మళ్లీ మళ్లీ చేయిస్తే తప్ప ఇది రాదు.

ఈ విద్యను, అంటే యూరోగైనకాలజీని, అమెరికా 2011లోనే ప్రత్యేక సబ్‌స్పెషాలిటీగా గుర్తించింది. గైనకాలజీ అయ్యాక మరో మూడేళ్ల ఫెలోషిప్. మనకు తెలియని విద్యా కాదు. సంచి తీయకుండా పైకి కట్టే పద్ధతులను ముంబైలో డాక్టర్లు షిరోద్కర్, పురందరే దశాబ్దాల కిందటే చేసి చూపించారు. గైనిక్ క్యాన్సర్‌కు ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ పెట్టుకున్నాం, దీన్ని మాత్రం అక్కడక్కడా ఉన్న ఫెలోషిప్‌లకు వదిలేశాం.

కాన్పు చేసే డాక్టరే దొరకని ఊళ్లుండగా ఈ సూపర్ స్పెషాలిటీ ఎందుకని అడుగుతారు. ఊరూరా అక్కర్లేదు. ప్రతి ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఒక్కరుంటే చాలు, అక్కడి పీజీలందరి చెయ్యీ తిరుగుతుంది. అర్ధరాత్రి లేబర్ రూమ్‌లో మలద్వారం దాకా చిరిగిన కాన్పును సరిగ్గా కుట్టడం కూడా వాళ్లే నేర్పుతారు.

అసలు మన వైద్యంలో ఆడమనిషి లెక్క పిల్లల ఆపరేషన్‌తోనే ఆగిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఐరన్ మాత్రల దగ్గర్నుంచి అన్నీ రాసుకుంటాం. బిడ్డ పుట్టాక టీకాలు అడుగుతాం. దగ్గితే మూత్రం పడుతోందా అని బాలింతను అడిగేదెవరు? పెద్దమ్మను ఆ మాట మొదటిసారి అడిగింది ఓ ఫిజియోథెరపీ అమ్మాయి. అదీ 61 ఏళ్లకు, మోకాళ్ల నొప్పులని వెళ్తే.