కష్టానికి గిరాకీ

విశాఖపట్నంలో ఇప్పుడు కష్టానికి మంచి గిరాకీ ఉంది. ఊరికే వచ్చిపడే కష్టానికి కాదు, దాన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. సెలవు పెట్టి, డబ్బు కట్టి, విమానమెక్కి వెళ్ళి మరీ పడొచ్చే కష్టం సంగతి నేను చెప్తున్నది. నమ్మకం లేకపోతే పొద్దున్నే బీచ్ రోడ్డుకి రండి. బండ్లు ఆపేసే ఆ కాసేపట్లో, సముద్రం పక్కనే నున్నగా చదునుగా ఉన్న తారు రోడ్డు మీద, చీలమండలు కప్పే బూట్లేసుకుని, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, వీపున పెద్ద బ్యాగు తగిలించుకుని మొగుడూ పెళ్ళాలు భారంగా అడుగులేస్తూ కనిపిస్తారు. రాగి జావ అమ్మే ఆవిడ వాళ్ళని ఏదో బస్సు తప్పిపోయిన వాళ్ళనుకుని, పాపం, స్టూలు జరిపి కూచోమంటుంది. వీళ్ళు హిమాలయాలకి సాధన చేస్తున్నారని ఆవిడకి ఎవరు చెప్పాలి?

ఎవరి మోకాళ్ళు వారివి, నాకేం అభ్యంతరం లేదు. నా గొడవల్లా మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తు దంపతులతోనే. ఇద్దరూ సాఫ్ట్‌వేరు, ఇద్దరూ మర్యాదస్తులు, పండక్కి అందరికీ స్వీట్లు పంపిస్తారు. కానీ కేదార్‌కంఠ ఎక్కి వచ్చిన దగ్గర్నించి వాళ్ళు మన మనుషుల్లో లేరు. లిఫ్టులో కలిస్తే "బావున్నారా అండీ" అనడం మానేసి "కొండ మనిషిని మార్చేస్తుందండీ" అంటున్నారు. రెండో అంతస్తులో దిగిపోయేవాణ్ణి, దానికి తగిన జవాబు ఆలోచించుకునేలోపు తలుపు తెరుచుకుంటుంది.

తయారీ దగ్గర్నించే మాకు భక్తి మొదలైంది. రోజూ సాయంత్రం ఇద్దరూ బ్యాగుల్లో చెరో పది కేజీల బియ్యం వేసుకుని కింద నుంచి ఐదో అంతస్తుకి ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఆ బియ్యం కిరాణా యాప్ కుర్రాడు గుమ్మం దాకా తెచ్చిచ్చినవే. అతను లిఫ్టులో పైకి వచ్చాడని, డెలివరీ వాళ్ళు మెట్లే వాడాలని అసోసియేషన్ గ్రూపులో ఫిర్యాదు పెట్టింది కూడా వీళ్ళే. ఆ వారమంతా మా మెట్ల మీద బియ్యం బస్తాలు రెండు రకాలుగా ఎక్కాయి. ఒకటి ఫిట్‌నెస్, ఒకటి డ్యూటీ. చెమట మాత్రం రెండింటికీ ఒకేలా పట్టింది.

కేదార్‌కంఠని నేను తక్కువ చెయ్యను. ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలో, 12,500 అడుగుల శిఖరం. డెహ్రాడూన్ నుంచి సంక్రీ అనే పల్లెకి దాదాపు 200 కిలోమీటర్లు మలుపుల దారిలో ఒళ్ళు హూనం చేసుకుని వెళ్ళాలి, అక్కణ్ణించి నడక. డిసెంబరులో మోకాలి లోతు మంచు, పలచటి గాలి, శిఖరం ఎక్కే రోజున తెల్లవారకముందే తలకి లైటు కట్టుకుని చీకట్లో బయల్దేరడం. సముద్రమట్టం దగ్గర పుట్టి పెరిగిన మన విశాఖ ఊపిరితిత్తులకి అది తమాషా కాదు, ఎక్కినవాళ్ళకి దణ్ణం పెట్టొచ్చు. కాకపోతే ట్రెక్కింగ్ చేసేవాళ్ళంతా దాన్ని కొత్తవాళ్ళు మొదటిసారి ఎక్కడానికి అనువైన కొండగానే చెప్తారు. సీజన్లో దారిలో ఉండే జుడా కా తాలాబ్ అనే చెరువు ఒడ్డున టెంట్లు చూస్తే పండగ ముందు జగదాంబ జంక్షన్‌లా ఉంటుంది. ఈ ముక్క మాత్రం మా దంపతులు ఎక్కడా చెప్పరు. వాళ్ళ ఫోటోల్లో హిమాలయాల్లో ఇద్దరే మనుషులు ఉంటారు.

ఫోటోలంటే గుర్తొచ్చింది, వాటిని టెర్రస్ మీద ప్రొజెక్టర్ పెట్టి మా అందరికీ చూపించారు. కార్యక్రమం పేరు "మా ప్రయాణం, మా పాఠాలు". స్నాక్స్ ఉంటాయన్నారు కాబట్టి అందరం వెళ్ళాం. "కొండ మనకి వినయం నేర్పుతుంది" అని ఆవిడ మొదలుపెట్టారు, అంతకు ముందే ప్లగ్గు వదులుగా పెట్టాడని వాచ్‌మన్‌ని కసిరి. తర్వాత ఆయన మైకు తీసుకుని, ఇంత బరువు మోస్తూ అంత ఎత్తు ఎక్కడం గురించి చాలాసేపు మాట్లాడారు. తెర మీద ఆయన వీపున కొండంత బ్యాగు. అంతా చప్పట్లు కొట్టబోతుండగా, స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మా మూడో అంతస్తు పెద్దాయన కళ్ళజోడు సరిచేసుకుని అడిగారు, "బాబూ, ఎడంపక్కన ఆ తోక ఎవరిది?"

తోక కంచరగాడిదది. ఆ ట్రెక్కుల్లో ఆఫ్‌లోడింగ్ అని ఒక సౌకర్యం ఉంది, రోజుకి ఇంతని కడితే మీ బ్యాగుని కంచరగాడిద మోస్తుంది, మీరు చేతులూపుకుంటూ ఎక్కొచ్చు. అందులో తప్పేం లేదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు కట్టుకోవాల్సిందే. కానీ ఆ తోక బయటపడ్డాక ఆవిడ నవ్వేసి అసలు సంగతి చెప్పేశారు. ఆవిడ అమాయకురాలు, అందుకే నాకు ఆవిడంటేనే కాస్త అభిమానం. వ్యూ పాయింట్ రాగానే గాడిదని ఆపించేవారట. దాన్ని తోలే అబ్బాయి వేళ్ళు కొంకర్లు పోయే చలిలో తాళ్ళ ముడులు ఒక్కొక్కటే విప్పి బ్యాగు దింపేవాడు. ఈయన తగిలించుకునేవారు. బరువు మరీ ఎక్కువగా ఉందని లోపలివి తీయించి, బ్యాగు ఉబ్బెత్తుగా కనపడ్డానికి ఒక స్లీపింగ్ బ్యాగు కుక్కించేవారు. "కొంచెం ముందుకి వంగండి, బరువున్నట్టు లేదు" అని ఆవిడ. వంగితే పొట్ట కనపడుతోందని మళ్ళీ నిటారుగా. ఈలోపు గాడిద ఫ్రేములోకి వచ్చేది. "ఖచ్చర్ హటావో భయ్యా" అంటే అతను దాన్ని నాలుగడుగులు వెనక్కి లాక్కెళ్ళేవాడు, అది మళ్ళీ వచ్చేది. దాని బ్యాగు దాని దగ్గర లేకపోతే దానికి తోచేది కాదు కాబోలు, డ్యూటీ మీద శ్రద్ధ గల జీవం. ఫోటో బాగా కుదిరాక బ్యాగు మళ్ళీ గాడిదకి, ముడులు మళ్ళీ అబ్బాయికి, కష్టం మాత్రం ఇన్‌స్టాగ్రామ్‌కి.

పెద్దాయన ఊరుకోలేదు. "అయితే సర్టిఫికెట్టు దానిక్కూడా ఇచ్చారా?" అన్నారు.

తిరిగొచ్చిన రాత్రి సంగతి టెర్రస్ మీద చూపించలేదు, అది నేను స్వయంగా చూశాను కాబట్టి చెప్పే బాధ్యత నాది. ఎయిర్‌పోర్టు టాక్సీ దిగారు. లిఫ్టు పాడైంది. తలుపుకి అట్టముక్క కట్టి ఉంది. 12,500 అడుగుల శిఖరాన్ని చూసొచ్చిన ఆ ఇద్దరూ ఆ అట్టముక్క ముందు ఎంతసేపు నిలబడ్డారంటే నాకు భయమేసింది. తర్వాత ఆయన ఫోను తీసి గ్రూపులో మెసేజీ పెట్టారు, కనీస సౌకర్యం కూడా లేనప్పుడు మెయింటెనెన్స్ ఎందుకు కట్టాలి, సెక్రటరీ జవాబు చెప్పాలి అని. ఆ మెసేజీకి ఇద్దరు ముగ్గురు బొటనవేలు కూడా ఎత్తారు.

బ్యాగులు వాచ్‌మన్ మోశాడు. యాభై దాటిన మనిషి, శ్రీకాకుళం వైపు వాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, మెట్లు కడుగుతుండగా పిలిచారు కాబట్టి లుంగీ ఎగ్గట్టి ఉంది. ఒకటి వీపున, ఒకటి ముందు పొట్ట మీద, రెండు కర్రలు చంకలో. వెనకాల ఖాళీ చేతులతో వీళ్ళు, "మెల్లిగా, మెల్లిగా" అని ధైర్యం చెప్తూ. మా గుమ్మం దాటాక ఒక మెట్టు మీద ఆగి, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుని అడిగాడు, "ఏటి బాబూ, ఇంత బరువున్నాయి, కొండ మీంచి రాళ్ళేటైనా తెచ్చారేటి?"

"అందులో కెమెరా ఉంది, గోడకి తగలనివ్వకు" అన్నారాయన.

మర్నాడు పొద్దున్న పోస్టు. సూర్యోదయం, వెనక మంచు, ముందు ఇద్దరి వీపులు, పైన ఒక వాక్యం: "మన బరువు మనమే మోయాలని కొండ నేర్పింది."

ఈ లెక్కన ఏటా ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడు మా వీధి చివర్నించి నడిచే లక్షల మందికి ఏమి నేర్పిందో సింహాచలం కొండ! కొండ కింద తొలి మెట్టు, అదే తొలి పావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, కాళ్ళకి చెప్పుల్లేకుండా, రాత్రంతా, వాన పడితే వానలో. ముసలమ్మలు, చంకన పిల్లలున్న తల్లులు. దారిలో ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతారు, పొద్దున్నే అప్పన్నకి దణ్ణం పెట్టుకుని బస్సెక్కి ఇళ్ళకెళ్తారు, సాయంత్రానికి పనిలో ఉంటారు. వాళ్ళ మడమల్ని ఎవరూ క్లోజప్ తీయరు. ఆ రాత్రి కారు బయటికి తీయడానికి వీల్లేకుండా పోయిందని గ్రూపులో ఎవరు రాశారో నేను చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ బానే ఉంది, నవ్వుకుని సమోసా తిని లేచేవాణ్ణే. కానీ చివర్లో "వార్మప్" అని ఇంకో పది ఫోటోలు చూపించారు. హిమాలయాలకి ముందు మన ఏజెన్సీలో చేసిన ట్రిప్పు. వంజంగిలో మబ్బుల సముద్రం, అందరూ తీసేదే, బాగానే ఉంది. టెంట్ల వెనకాల కప్పు నూడుల్స్ డబ్బాలు, ఖాళీ సీసాలు, చిప్స్ కవర్లు కూడా అందరూ వదిలేసేవే. ఆ తర్వాత ఒక ఫోటో. బురద దారి. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు, భుజాల మీద పొడవాటి వెదురు గెడ, గెడకి రెండు వైపులా ముడేసిన పాత దుప్పటి. దుప్పట్లోంచి ఒక కాలు మాత్రం బయటికి కనిపిస్తోంది, పాదానికి ఎండిన మట్టి, వెండి కడియం. వెనకాల ఒక ముసలావిడ స్టీలు క్యారేజీ పట్టుకుని పరిగెత్తుతోంది. ఫోటో కింద రాసిన మాట "లోకల్ ఆంబులెన్స్", పక్కన నవ్వే బొమ్మ.

టెర్రస్ మీద కొంతమంది నవ్వారు కూడా.

అది డోలీ అండీ. లోపలున్నది నెలలు నిండిన మనిషి. 108 బండి రోడ్డు ఉన్న చోటే ఆగిపోతుంది, ఊళ్ళోంచి ఆ రోడ్డు దాకా నొప్పులతో ఆవిణ్ణి భుజాల మీదే తేవాలి, వాగు దాటించాలి, జారితే పట్టుకోవాలి. దారిలోనే కాన్పయిపోయిన వాళ్ళున్నారు, తల్లో బిడ్డో దక్కని వాళ్ళున్నారు, నెల తిరక్కుండా పేపర్లో జిల్లా పేజీలో వస్తూనే ఉంటుంది, మనం పేజీ తిప్పేస్తూనే ఉంటాం. పాడేరు ఆస్పత్రిలో కాదంటే అక్కణ్ణించి వంద కిలోమీటర్ల పైచిలుకు దిగి విశాఖ పెద్దాసుపత్రి, మన కేజీహెచ్‌కి రావాలి. 2022 ఏప్రిల్లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, అల్లూరి పేరు పెట్టారు, సంతోషం. 2025లో "అడవి తల్లి బాట" అని రోడ్ల పనులు మొదలుపెట్టారు, పడిన చోట మహా మేలు. పడని చోట ఇప్పటికీ వెదురు గెడే. మబ్బులు చూడ్డానికి వచ్చే కార్లకి మాత్రం ఘాట్ రోడ్డు మీద శనివారం రాత్రి ట్రాఫిక్ జామ్. ఒక ఆడమనిషి ప్రాణం నలుగురి భుజాల మీద ఊగుతుంటే ఫోను తీసి ఫోటో కొట్టి, ఎడిట్ చేసి, రంగు పెంచి, కింద జోకు రాశారే, ఆ చెయ్యి ఎలా వచ్చింది? గెడ కింద ఒక భుజం పెట్టాలని తోచలేదా? బియ్యం బస్తాలతో అన్నాళ్ళు సాధన చేసిన భుజాలు కదా అవి!

లంబసింగి వెళ్ళి చలిలో టీ తాగుతూ రీల్సు తీసేవాళ్ళకి ఒక మాట. నర్సీపట్నం నుంచి ఆ పైకి వెళ్ళే రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో గొడ్డుచాకిరీ చేయించి కూలి ఎగ్గొట్టాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి ఉన్న కారణాల్లో అదొకటి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారంటే ఊరికే పడలేదు. వాళ్ళ చేత వేయించిన రోడ్డు మీద మనం పైకెళ్ళాం. వాళ్ళ మనవరాళ్ళు ఇంకా దుప్పట్లో కిందికి దిగుతున్నారు.

మా దంపతులు వచ్చే సీజన్‌కి ఎవరెస్ట్ బేస్ క్యాంపు అంటున్నారు, 5,364 మీటర్లు. "ఈసారి ఇంకా ఛాలెంజింగ్‌గా ఏదైనా చెయ్యాలండీ" అని మొన్న లిఫ్టులో అన్నారు. లిఫ్టు బాగైంది. అంత దూరం ఎందుకని నేనొక ప్యాకేజీ తయారుచేశాను, ఆసక్తి గలవారు పేర్లివ్వొచ్చు. గ్రేడు: కఠినం. బృందానికి నలుగురు, భార్యాభర్తలైతే ఇంకో జంటని తోడు తెచ్చుకోవాలి. బరువు సుమారు యాభై కేజీలు, కదులుతుంది, అరుస్తుంది, కింద పెట్టకూడదు. దారి బురద, రెండు వాగులు, జోరీగలు, సిగ్నల్ ఉండదు. బయల్దేరే టైము ముందు చెప్పలేం, అర్ధరాత్రి కబురొస్తే అర్ధరాత్రే. ఎన్ని గంటల్లో చేరాలన్నది మీరూ నేనూ కాదు, ఆవిడ నొప్పులు చెప్తాయి. వ్యూ పాయింట్లున్నాయి గానీ ఆగడానికి వీల్లేదు. గాడిద దొరకదు. వాచ్‌మన్‌ని తీసుకురాకూడదు. బ్యాచులు ఏడాది పొడుగునా ఉంటాయి, వాగులు పొంగే శ్రావణంలో అయితే ఛాలెంజి ఇంకాస్త ఎక్కువ.