రేకిన్ గారి సముఖమునకు ఒక అద్దెదారు విన్నపం

మహారాజశ్రీ రేకిన్ గారికి,

ఉభయకుశలోపరి. జపానులో ఇల్లు అద్దెకు తీసుకొనేవాడు గడపలో అడుగు పెట్టకముందే, ఇల్లు ఇవ్వబోతున్నందుకు కృతజ్ఞతగా యజమానికి తిరిగిరాని సొమ్ము సమర్పించుకోవాలన్న ఆచారానికి తమరే ప్రతిరూపమని విని, కానుకతో సహా తమ దర్శనానికి వచ్చిన తెలుగువాణ్ణి. మా హైదరాబాదులో అడ్వాన్సు ఇస్తాం. ఖాళీ చేసేనాడు రంగుల ఖర్చని కొంత కోసుకొని మిగతాది యజమాని తిరిగి ఇస్తాడు, ఇవ్వకపోతే నలుగురిలో పెట్టి అడగడానికి మనకు నోరుంటుంది. తమరి విషయంలో ఆ బెడద లేదు. ఇచ్చిన కానుకను ఎవరూ వెనక్కి అడగరు కదా.

తమరు ఒంటరిగా వేంచేసినా భరించేవాళ్లం. టోక్యోలో నెలకు 80,000 యెన్ల గది అనుకొందాం. తమరికి ఒక నెల, షికికిన్ అనే డిపాజిట్‌కు ఒక నెల, మొదటి నెల అద్దె, ఏజెంటుకు పన్నుతో కలిపి 88,000, అద్దెకు పూచీపడే హామీ కంపెనీకి సగం నెల, ఆపైన అగ్నిబీమా, తాళం మార్పిడి కలిపితే 4 లక్షల దాకా తేలుతుంది. ఇంతా చెల్లించి తలుపు తీస్తే చాలా ఇళ్లలో పొయ్యి ఉండదు, కర్టెన్లు ఉండవు, దీపం కూడా ఉండదు. దీపం మనమే కొని తగిలించుకోవడానికి కప్పు మధ్యన ఒక ప్లాస్టిక్ బిళ్ల మాత్రం ఉంటుంది. తమరికి చెప్పుకొన్న కృతజ్ఞత ఆ బిళ్లకేనని సరిపెట్టుకొన్నాను.

డబ్బుంటే చాలదన్న సంగతి ఏజెంటు ఆఫీసులో తెలిసింది. అక్కడి కుర్రవాడు నా ఎదుటే యజమానికి ఫోను చేసి, కంటికి కనబడని ఆయనకు నడుము వంచి దణ్ణాలు పెడుతూ, నేను విదేశీయుణ్ణనీ, అయినా జపనీస్ మాట్లాడతాననీ, ఉద్యోగం ఉందనీ, చెత్త వేరుచేయడం తెలుసుననీ విన్నవించి, చివరికి పళ్ల సందుల్లోంచి గాలి లోపలికి పీల్చాడు. ఆ శబ్దం వినబడితే ఇంకో ఇల్లు చూసుకోవలసిందే. న్యాయ మంత్రిత్వశాఖ 2017లో వెల్లడించిన సర్వేలో, గడచిన ఐదేళ్లలో ఇల్లు వెతుక్కొన్న విదేశీయులలో 39.3 శాతం మంది, విదేశీయులన్న కారణంగానే తమను కాదన్నారని చెప్పారు. జపానీయుడైన హామీదారు లేక ఇల్లు దక్కలేదన్నవారు 41.2 శాతం. "మీరేమిట్లండీ?" అని ఆరా తీసి, బ్యాచిలర్లకూ మాంసం వండుకొనేవారికీ ఇల్లు లేదనే ఊళ్లనుంచి వచ్చినవాణ్ణి గనుక ఆశ్చర్యపోయే హక్కు నాకు అంతగా లేదు. కాకపోతే మా యజమానులు కాదనేది మొహం మీదే అంటారు. ఇక్కడ ఏజెంటు చేత క్షమాపణ చెప్పిస్తారు.

తమరి నిలకడ మాత్రం మెచ్చుకోదగినది. 2020 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సివిల్ కోడ్ సవరణ, షికికిన్ ఎప్పుడు తిరిగి ఇవ్వాలో చెప్పింది, మామూలు వాడుకలో వచ్చే అరుగుదల అద్దెదారు నెత్తిన పడదనీ రాసింది. తమరి జోలికి మాత్రం పోలేదు. రెండేళ్లకొకసారి ఒప్పందం పొడిగించినందుకు పుచ్చుకొనే తమ సోదరుడు కోషిన్‌ర్యోను, మరీ ఎక్కువ కానంతవరకూ చెల్లుబాటు అవుతాడని 2011 జూలై 15న సుప్రీంకోర్టే ఆశీర్వదించింది. ఇక "రేకిన్ సున్నా" అన్న ప్రకటన చూసి సంబరపడి లోపలికి వెళితే, తమరు శుభ్రపరిచే రుసుముగానో, ఏడాది తిరక్కుండా ఖాళీ చేస్తే కట్టవలసిన జరిమానాగానో మారువేషంలో కూర్చొని ఉంటారు. నేను ఖాళీ చేశాక అదే గదికి, అదే బిళ్లకు, మరొకరిచేత మళ్లీ కృతజ్ఞత చెప్పించుకొంటారు కూడా.

అందువల్ల విన్నవించుకొనేదేమంటే, వచ్చే గడువుకు నేను టోక్యోలోని నిషికసాయిలో మనవాళ్లు చాలామంది ఉంటున్న యూఆర్ అనే ప్రభుత్వ గృహసంస్థ ఇళ్లకు దరఖాస్తు పెట్టుకొంటున్నాను. అక్కడ వీసా, ఆదాయం చూస్తారు గాని హామీదారును అడగరు, ఏజెంటు రుసుము లేదు, కోషిన్‌ర్యోకు చోటు లేదు. తమరికైతే అసలు ప్రవేశమే లేదని ప్రకటనలోనే అచ్చువేశారు. పేరు చూడగానే గుమ్మంలోనే ఆపేస్తే మనసెంత చివుక్కుమంటుందో నాకు అనుభవమే గనుక, తమరికి నా ప్రగాఢ సానుభూతి.

ఇట్లు,
తమరికి చెల్లించిన కృతజ్ఞత తాలూకు రసీదును భద్రపరచుకొన్న
అద్దెదారు