శిలాఫలకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ శిలాఫలకం గారి దివ్య సముఖమునకు, వరండాలో ఏడో తరగతి చెప్పుకునే తెలుగు మాస్టారు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. తమరి కుశలానికి ఢోకా లేదు. చీమకుర్తి నల్లరాయి కదా, ఎండకు వెలిసేది లేదు, వానకు నానేది లేదు. మా కుశలం అంటారా, చినుకు పడితే ఏడో తరగతిని ఎత్తుకెళ్ళి ఎనిమిదిలో కలిపేస్తాం. రెండు తరగతుల పిల్లలూ ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని ఛందస్సూ భిన్నాలూ ఒకేసారి నేర్చుకుంటారు.

తమరు వేంచేసిన రోజు ఇంకా కళ్ళముందే ఉంది. తొమ్మిదింటికి కార్యక్రమం అంటే పిల్లల్ని ఎనిమిదిన్నరకే వరసలో నిలబెట్టాం. నాయకులు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. షామియానా, మైకుసెట్టు, దండలు అన్నీ హెడ్మాస్టారి జేబులోంచే. కొబ్బరికాయ కొట్టారు, తాడు లాగారు, తెర కదల్లేదు. గన్‌మన్ వచ్చి చింపితే గానీ తమరి దర్శనం కాలేదు.

తమరి ఒంటి మీద పదకొండు పేర్లు. పైనున్న పేరు అరచేతంత, అక్కణ్ణుంచి హోదాతో పాటు అక్షరాలూ తగ్గుతూ వచ్చి, సర్పంచ్ దగ్గరికి చేరేసరికి కళ్ళజోడు కావాలి. ఎవరిదో పేరు ఒక వరస కిందికి పడిందని ముందురోజు గొడవైతే, రాత్రికి రాత్రే రాయి మార్చి తెచ్చారు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో బడికి సంబంధించిన ఏ పనీ అంత చురుగ్గా జరగ్గా చూడలేదు.

తమరి వెనకాల గది మాత్రం లింటెల్ దగ్గర ఆగింది. బిల్లు రాలేదట. పైకి తేలిన చువ్వలకి పిల్లలు నీళ్ళ సీసాలు తగిలిస్తారు. మొన్న ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు పాత పేపర్లు, మైదా జిగురు తెచ్చి తమరిని నిండా కప్పారు. గదికి కప్పు లేదు గానీ తమరికి కప్పారు, సంతోషం.

తమరి వంశం చిన్నదేమీ కాదు లెండి. జాతీయాదాయంలో 6 శాతం చదువుకి పెట్టాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. 1968 విద్యా విధానం సరేనంది. 1986 విధానం మళ్ళీ సరేనంది. 2020 విధానం ముచ్చటగా మూడోసారి సరేనంది. ఒకే గదికి మూడు శంకుస్థాపనలు. కట్టుబడి మాత్రం ఇంకా ఆరు దాకా లేవలేదు.

మా బడి లెక్క చెప్తాను వినండి. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 50,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు, ఫినాయిలు, చిన్నా చితకా మరమ్మతులు అన్నీ అందులోనే. అదీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. మార్చి నెలాఖరున పడి, ముప్పై ఒకటిలోగా ఖర్చుపెట్టి లెక్క చూపమంటుంది. ఆడపిల్లల మరుగుదొడ్డిలో కుళాయి వాషరు పోయి నాలుగు నెలలైంది. వాషరు మార్చినందుకు ఎవరూ శిలాఫలకం వేయరు కదా, అక్కడే వచ్చింది చిక్కంతా.

చేసినవాళ్ళు అసలే లేరని అనను. 1971లో సర్వేలులో గురుకులం తెరిపించిన పి.వి. నరసింహారావు గారిని ఆ బడిలో చదివినవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆంధ్రలో 2019లో మన బడి నాడు–నేడు మొదటి విడతకు 15,715 బళ్ళు తీసుకున్నారు, చాలా చోట్ల మరుగుదొడ్లూ ఫ్యాన్లూ వచ్చాయి, అబద్ధమెందుకు. తెలంగాణలో 2022లో మన ఊరు–మన బడి అన్నారు. రాష్ట్రం విడిపోయినా ‘మన’ మాత్రం రెండు చోట్లా మిగిలింది. ఎటొచ్చీ ప్రభుత్వం మారగానే ఆ ‘మన’ కాస్తా ‘వాళ్ళ’ అయిపోతుంది. అప్పుడిక సగం లేచిన గోడ ఎవరిదంటే పలికేవాడుండడు. ఆంధ్రలో మధ్యాహ్న భోజనం నిన్న గోరుముద్ద, ఇవాళ అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మ గారి పేరు మీద. ఆ మహాతల్లి పేరు పెట్టడం మంచిదే. గుడ్డు మాత్రం ఏ పేరుతో ఉడికినా గుడ్డే.

ఇక అసలు ఫిర్యాదు. మొన్న డిక్టేషన్‌లో ‘శంకుస్థాపన’ చెప్పాను. వెనక వరసలో ఒకడు ‘శంఖుస్థాపన’ అని ఒత్తు ఖ పెట్టాడు. తప్పు కొట్టాను. శంకువంటే మేకురా, భూమిలో దిగ్గొట్టేది, ఊదే శంఖం కాదు అని చెప్పాను. వాడు చెయ్యి పట్టుకుని తమరి దగ్గరికి లాక్కొచ్చాడు.

“మరి రాయి మీద ఇలాగే ఉందిగా, మాస్టారూ?”

పదకొండు మంది పెద్దల పేర్ల నెత్తిన, బంగారు రంగులో, శంఖు. నోరు మూసుకుని ఆ మార్కు వేసేశాను.

వచ్చే వారం మళ్ళీ కార్యక్రమం ఉంది. అదే గదికి ‘మిగులు పనుల’ పేరుతో కొత్త రాయి. కొబ్బరికాయలకి హెడ్మాస్టారు అప్పుడే చందాలు మొదలుపెట్టారు. ఉన్నది ఒకటే గోడ కాబట్టి తమరు దయచేసి కాస్త ఎడమకి జరగగలరని ప్రార్థన. ఈసారైనా ఆ ఒత్తు పెట్టొద్దని చెక్కేవాడికి ఫోన్ చేశాను.

“పైనుంచి అలాగే రాసి పంపారు మాస్టారూ, నేనేం చేసేది?” అన్నాడు.

ఇట్లు,
తమరి నీడలో పాఠం చెప్పుకునే
తెలుగు మాస్టారు